సాహసం ఎవరిది, దోపిడీ ఎవరిది? : ఒక ఆంగ్ల చలనచిత్రం, ఖిలాషాపురం, పూనుగొండ్ల

ఉపోద్ఘాతం

'సాహసం' అనే మాటకు తెలుగువారు ఇవాళ చెప్పుకొనే అర్థం ఒకటి, ధర్మశాస్త్రాలు చెప్పిన అర్థం మరొకటి. సొత్తు యజమాని చూడకుండా చాటుగా తీసుకుంటే అది చౌర్యం. అతని కళ్లెదుటే బలప్రయోగంతో తీసుకుంటే అది సాహసం. మనుస్మృతి చేసిన విభజన ఇది. అష్టాదశ వ్యవహార పదాలలో సాహసం ఒక నేరం పేరు. విజ్ఞానేశ్వరుని మితాక్షరను ఆధారం చేసుకొని కేతన 13వ శతాబ్దంలో విజ్ఞానేశ్వరీయం రచించిన నాటికి ఈ శాస్త్రార్థం తెలుగు పండితులకు పరిచితమే. తరవాతి కాలంలో ఆ మాట న్యాయసభ నుంచి కథలోకి, కథ నుంచి వెండితెర మీదికి వచ్చి, మెచ్చుకోలు పదంగా స్థిరపడింది. నేరం మాసిపోయి, ధైర్యం మిగిలింది.

పదాల అర్థం మారడం భాషలో సహజం. అయితే ఈ మార్పు అందరి విషయంలో ఒకే విధంగా జరగలేదు. ఆయుధం పట్టి, పరాయి నేల మీదికి వెళ్లి, అధికారాన్ని చేజిక్కించుకోవడం అనే ఒకే పని కొందరు చేసినప్పుడు సాహసమైంది, కొందరు చేసినప్పుడు దోపిడీ అయింది, మరికొందరి మీద జరిగినప్పుడు అసలు చరిత్రే కాకుండా ఐతిహ్యంగా మిగిలింది. ఈ తేడా చేసిన పనిలో లేదు. దాన్ని నమోదు చేసిన చేతిలో ఉంది. తెలుగు సాహిత్య పరిశోధన ఆ నమోదును ప్రశ్నించవలసిందిపోయి, తన అధ్యాయాల పేర్లలో, తన వర్గీకరణలలో దాన్నే అనుసరిస్తున్నదన్నది ఈ వ్యాసం చేసే ఆక్షేపణ. ఆక్షేపణకు ఆధారాలు ఒక ఆంగ్ల చలనచిత్రం, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల శాసనాలు, పాటలు, జాతర.

చిత్రం చూపినది, చూపనిది

జాన్ హ్యూస్టన్ దర్శకత్వంలో 1975లో వచ్చిన 'ది మ్యాన్ హూ వుడ్ బి కింగ్' సాహస చిత్రాలలో ఉత్తమ శ్రేణికి చెందినదిగా పేరు పొందింది. రుడ్యార్డ్ కిప్లింగ్ 1888లో ప్రచురించిన కథ దానికి మూలం. షాన్ కానరీ, మైకేల్ కేన్ నటించిన డ్రావెట్, కార్నహాన్ పాత్రలు బ్రిటిష్ సైన్యంలో పనిచేసి బయటికి వచ్చిన సిపాయిలు. వారికి హిందూదేశం ఇరుకుగా తోస్తుంది. రాజులమయ్యే దాకా మద్యాన్నీ మగువనూ ముట్టబోమని పత్రం రాసుకొని, తుపాకులతో హిందూకుష్ పర్వతాలు దాటి కాఫిరిస్తాన్ చేరుతారు. యుద్ధంలో డ్రావెట్‌కు తగిలిన బాణం అతని తూటాల పటకాలో గుచ్చుకొని నెత్తురు చిందదు. అక్కడి ప్రజలు అతణ్ణి దేవుడనుకొంటారు, అలెగ్జాండరు వారసుడని కిరీటం పెడతారు. చివరికి పెళ్లిపీటల మీద పెళ్లికూతురు భయంతో కొరికినప్పుడు నెత్తురు కారుతుంది. దేవుడు కాదని తేలిపోతుంది. తాళ్ల వంతెన తెగి డ్రావెట్ లోయలో పడిపోతాడు. చిత్రహింసలు అనుభవించి బతికిన కార్నహాన్ కిరీటంతో సహా మిత్రుని తలను మోసుకొచ్చి పత్రికా రచయిత అయిన కిప్లింగ్ బల్ల మీద పెడతాడు.

ఈ చిత్రాన్ని సామ్రాజ్యవాదం మీద వ్యంగ్యంగా చదవడం విమర్శలో స్థిరపడిన పద్ధతి. ఇద్దరు మోసగాళ్లు చేసిన పని సామ్రాజ్యం చేసిన పనికి చిన్న నమూనా అనీ, వారి పతనం దాని పతనానికి సూచన అనీ ఆ వాదం చెబుతుంది. వాదంలో సత్యం లేకపోలేదు. కాని ఆ వ్యంగ్యాన్ని పలుకుతున్నదెవరు? కథ చెప్పేవాడు సిపాయి. వినేవాడు సామ్రాజ్యపు పత్రికా రచయిత. కాఫిరిస్తాన్ ప్రజలు గుంపుగా వంగుతారు, గుంపుగా తిరగబడతారు. తమ నేల మీదికి వచ్చిన ఆ ఇద్దరి గురించి వారు తమలో తాము ఏమనుకొన్నారో, ఏ పాట కట్టుకొన్నారో చిత్రానికి అక్కరలేదు.

మూలకథనూ చిత్రాన్నీ పక్కపక్కన పెడితే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. కిప్లింగ్ కథలో బిల్లీ ఫిష్ అక్కడి ఊరిపెద్దలలో ఒకడు. ఆ పేరు సిపాయిలు పెట్టినదే అయినా మనిషి ఆ నేలకు చెందినవాడు. చిత్రంలో అతడు బ్రిటిష్ సైన్యంతో వచ్చి అక్కడ మిగిలిపోయిన గూర్ఖా సిపాయి అయ్యాడు. అంటే స్థానికులలో మాట్లాడగల ఒక్క మనిషిని కూడా చిత్రం సైన్యంలోకి చేర్చుకొన్నది. కథలో పేరులేని పెళ్లికూతురికి చిత్రం రొక్సానా అనే పేరు పెట్టింది. అదీ ఆమె పేరు కాదు, అలెగ్జాండరు భార్య పేరు. ఆ కాఫిరిస్తాన్‌ను 1895-96లో ఆఫ్ఘన్ అమీరు అబ్దుర్ రహమాన్ జయించి, ప్రజల మతం మార్చి, నేలకు నూరిస్తాన్ అని కొత్త పేరు పెట్టాడు. సిపాయి కథలో గుంపు, అమీరు విజయంలో కొత్త పేరు. వారి సొంత మాట రెండు చోట్లా వినిపించదు.

ఇది పరదేశపు ముచ్చట కాదు. సైనికులు మారుమూల నేల మీదికి వచ్చి రాజులు కావడం, ఆ రాకను ఎవరో ఒకరు నమోదు చేయడం, ఆ నేలవారి మాట మూలన పడటం అనే మూడు క్రియలు ఓరుగల్లు సీమలోనూ జరిగాయి.

శాసనం రాజును చేసిన తీరు

కాకతీయులు ఈ సీమకు రాజులుగా రాలేదు. క్రీ.శ. 956 నాటి మాంగల్లు శాసనం పేర్కొన్న గుండ్యన సేనాని. రాష్ట్రకూటుల పక్షాన యుద్ధాలు చేసిన కుటుంబం అది. పెద్ద రాజ్యం సడలినప్పుడు సేనాని వంశం సామంత వంశంగా, సామంత వంశం స్వతంత్ర రాజవంశంగా ఎదిగింది. ఆ ఎదుగుదలకు సాక్ష్యాలు ఈ జిల్లాలలోనే ఉన్నాయి. జనగామ ప్రాంతపు గూడూరు శాసనం విరియాల వంశపు కథ చెబుతూ, కామసాని అనే స్త్రీ బాలుడైన బేతని చాళుక్య చక్రవర్తి దగ్గరికి తీసుకువెళ్లి అనుమకొండను ఇప్పించిన సంగతిని తెలుగు పద్యాలలో నిలిపింది. మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువు శాసనం గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించినది. వెన్న మొదలుకొని ఆ వంశపు తొలి పురుషుల పేర్లు వరుసగా తెలియడానికి అది ముఖ్యాధారం.

ఈ శాసనాలను తెలుగు పరిశోధన ఎంతో శ్రద్ధతో చదివింది. ఆ శ్రద్ధను తప్పుపట్టవలసిన పని లేదు. అయితే ఏ పరిశోధకుడూ గుండ్యనను 'అధికారం కోసం వచ్చిన సిపాయి' అని రాయడు. చెరువు తవ్వించి, గుడి కట్టించి, శాసనం వేయించిన క్షణం నుంచి సిపాయి రాజవుతాడు. శాసనం చేసే పని అదే. అది గతాన్ని చెప్పడంతో ఆగదు, గతాన్ని కడుగుతుంది. కామసాని వంటి స్త్రీ రాయబారంతో దక్కిన గద్దె కొన్ని తరాలకు దుర్జయ వంశపు జన్మహక్కుగా కనిపిస్తుంది. డ్రావెట్ తాను అలెగ్జాండరు వారసుణ్ణని నమ్మించడానికీ, ప్రశస్తి శాసనాలు వంశవృక్షం గీయడానికీ నడుమ ఉన్న భేదం కాలవ్యవధి మాత్రమే. రెండోదానికి నిలవడానికి తగినంత కాలం దొరికింది.

ఖిలాషాపురం: ఒక మనిషి, రెండు తూకాలు

అదే జనగామ జిల్లాలో ఖిలాషాపురం ఉంది. అక్కడి కోట సర్వాయి పాపన్న కట్టించినది. పాపన్న గీత వృత్తి కులంలో పుట్టినవాడు. ఔరంగజేబు మరణం తరవాత మొగలు అధికారం తడబడుతున్న రోజుల్లో, 1708లో అతని బలగం ఓరుగల్లును కొల్లగొట్టింది. తరవాత భువనగిరి మీద దాడి జరిగింది. 1709లో చక్రవర్తి బహదూర్ షా హైదరాబాదుకు వచ్చినప్పుడు పాపన్న కానుకలతో దర్బారుకు వెళ్లి మర్యాద కూడా పొందాడు. ఆ మర్యాద కులీనులను మండించింది. చక్రవర్తి మనసు మారింది. హైదరాబాదు సుబేదారు యూసుఫ్ ఖాన్ సేనలు ముట్టడించాయి. 1710లో పాపన్న పట్టుబడి హతుడయ్యాడు. అతని తల చక్రవర్తి దగ్గరికి చేరింది, దేహం హైదరాబాదు ద్వారానికి వేలాడింది.

సిపాయి తల, పాపన్న తల, రెండూ దూరప్రయాణం చేశాయి. ఒకటి కిరీటంతో సహా మిత్రుని సంచిలో, విషాదగాథకు ముగింపుగా చేరింది. మరొకటి అధికారులు పంపిన రుజువుగా చేరింది. మొదటి తలను చూసి ప్రేక్షకుడు కంటతడి పెడతాడు. రెండో తలను నమోదు చేసిన పారశీక చరిత్రకారుడు ఖాఫీఖాన్‌కు అది దొంగకు జరగవలసిన శాస్తి.

ఖాఫీఖాన్ వ్రాత ఒక తూకం. అందులో పాపన్న ధనవంతురాలైన సొంత అక్కను దోచుకొని జీవితం మొదలుపెట్టిన కల్లుగీతవాడు. రెండో తూకం పాట. 1874లో జె.ఎ. బాయిల్ 'ఇండియన్ యాంటిక్వరీ'లో పరిచయం చేసిన వీరగాథలో కొడుకు కులవృత్తి వద్దంటాడు, తల్లి వారిస్తుంది, కొడుకు కోటల వైపు చూస్తాడు. అతని వెంట నడిచినవారిలో చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, ఎరుకల, దూదేకుల, తురక అందరూ ఉంటారు. జె.ఎఫ్. రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు 1980లో ఈ రెంటినీ ఎదురెదురుగా నిలిపి వ్యాసం రాశారు. రిచర్డ్ ఈటన్ దక్కన్ సామాజిక చరిత్రలో ఒక అధ్యాయాన్ని పాపన్నకు కేటాయించాడు. గమనించవలసిన విషయం ఏమిటంటే, పాటను చరిత్రతో సమానంగా కూర్చోబెట్టిన ఆ రెండు పనులూ ఆంగ్లంలో, చరిత్ర, సామాజిక శాస్త్ర రంగాలలో జరిగాయి. తెలుగు శాఖలలో పాపన్న గాథ 'జానపద వీరగాథలు' అనే ప్రకరణంలో ఒక ఉదాహరణగా, ఇతివృత్త సంగ్రహంగా, వీరరస ప్రస్తావనగా మిగిలింది. రాజ్యాధికారం గురించి ఒక ఆలోచన అందులో ఉన్నదా అన్న ప్రశ్న అరుదు.

బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యాన్ని విశ్వవిద్యాలయ పరిశోధనకు అర్హమైన విషయంగా నిలిపినప్పుడు 'జానపదం' అన్న మాట ఒక తలుపు తెరిచింది. ఆరు దశాబ్దాలు దాటిన తరవాత అదే మాట గోడగా మారింది. గోడకు ఇవతల కావ్యం, శాసనం, చరిత్ర. అవతల గేయం, గాథ, ఐతిహ్యం. శాసనంలో అతిశయోక్తి ఉంటే అది ప్రశస్తి సంప్రదాయమని పరిశోధకుడు సర్దుకొని, లోపలి చరిత్రను వెదుకుతాడు. పాటలో అతిశయోక్తి ఉంటే అది జానపదుల కల్పన అని పక్కన పెడతాడు. ఒకే దోషానికి ఇద్దరికి రెండు శిక్షలు.

తెలుగు తెర కూడా ఈ న్యాయాన్నే పాటించింది. 1951 నాటి 'పాతాళ భైరవి'లో తోటమాలి కొడుకు రాజకుమారిని కోరుతాడు. ఆ కోరిక తీరడానికి మంత్రశక్తి గల ప్రతిమ కావలసి వచ్చింది. మామూలు మనిషి గద్దె దగ్గరికి చేరడం మంత్రం ఉంటే జానపద చిత్రం. మంత్రం లేకుండా, కత్తితో చేరితే అది ఖాఫీఖాన్ గ్రంథంలో దొంగ కథ. ఇదే దక్కనులో నిజాం అలీఖాన్ కొలువులో చేరి పెద్ద దళాలకు అధిపతియై, జాగీర్లు అనుభవించి, 1798లో మరణించిన ఫ్రెంచి సైనికుడు రేమండ్ జ్ఞాపకం మరో రకంగా నిలిచింది. హైదరాబాదులో అతని సమాధి స్మారకంగా నిలిచింది. జనం నోట అతడు మూసా రాముడయ్యాడు, మూసారాంబాగ్ అన్న పేరులో ఇప్పటికీ ఉన్నాడు. దూరదేశం నుంచి జీతానికీ అధికారానికీ వచ్చిన సిపాయికి దేవుని పేరు దొరికింది. ఖిలాషాపురంలో పెరిగినవాడికి నిన్న మొన్నటి వరకు పేరు చివర 'డు' కారమే మిగిలింది.

పూనుగొండ్ల నుంచి మేడారానికి

పై రెండు కథలలోనూ కథానాయకుడు గద్దె వైపు నడుస్తున్నవాడే. మూడో కథ అట్లాంటిది కాదు. ఎవరి నేల మీదికి సేన నడిచి వచ్చిందో వారే చెప్పుకొంటున్న కథ అది.

2016 అక్టోబరు 11న ఏర్పడిన జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో మేడారం ఉండేది. 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా విడివడినప్పుడు అందులోకి వెళ్లింది. మహబూబాబాద్ జిల్లా అడవుల్లోని పూనుగొండ్ల పగిడిద్దరాజు ఊరు. రెండేళ్లకొకసారి మాఘ మాసంలో పెనక వంశీయులైన కోయ పూజారులు పగిడిద్దరాజును పూనుగొండ్ల నుంచి అడవి దారిలో కాలినడకన మేడారానికి తీసుకువస్తారు. కన్నెపల్లి నుంచి సారలమ్మ, కొండాయి నుంచి గోవిందరాజు, చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తారు. జిల్లా సరిహద్దులు ఎటు జరిగినా ఆ నడక దారి జరగలేదు. 1996లో రాష్ట్ర పండుగగా గుర్తించిన ఈ జాతరకు ఇవాళ లక్షల మంది వస్తారు.

అందరికీ తెలిసిన కథనం ప్రకారం కరువు వల్ల కోయదొర కప్పం కట్టలేకపోతాడు. కాకతీయ ప్రతాపరుద్రుడు సేనను పంపుతాడు. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు యుద్ధంలో నేలకొరుగుతారు. జంపన్న సంపెంగ వాగులో ప్రాణం విడుస్తాడు, వాగు జంపన్న వాగవుతుంది. వెనుక నుంచి పొడిచిన గాయంతో సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి కనుమరుగవుతుంది. అక్కడ కుంకుమ భరిణె కనిపిస్తుంది.

కాకతీయ శాసనాలు ఈ యుద్ధాన్ని చెప్పవు. ఆ మౌనాన్ని పట్టుకొని, యుద్ధానికి చారిత్రకాధారం లేదని తీర్పు చెప్పడం పరిశోధనా వ్యాసాలలో అలవాటు. ఆ తీర్పులో ఒక పొరపాటు ఉంది. కప్పం కట్టలేని కరువు పల్లె మీద సేనను నడిపిన సంగతిని ఏ రాజు ఏ గుడి స్తంభం మీద చెక్కిస్తాడు? శాసనం దానాన్ని చెబుతుంది, విజయాన్ని చెబుతుంది. వెనుక నుంచి పొడిచిన పోటును చెప్పదు. ఓడినవారి ఉనికికి గెలిచినవారి సంతకం కావాలని అడగడం పరిశోధనా నియమం కాదు, పక్షపాతం. యుద్ధం సరిగ్గా ఈ విధంగానే జరిగిందని ఈ వ్యాసం నిర్ధారించడం లేదు. శాసనం మౌనంగా ఉన్నంత మాత్రాన అది జరగలేదని నిర్ధారించే హక్కు కూడా ఎవరికీ లేదని మాత్రమే చెబుతున్నది.

కోయలకు తమ సొంత పత్రాలు లేవన్న మాట కూడా నిజం కాదు. పడిగె అనే త్రికోణాకారపు వస్త్రం మీద గోత్రాల కథలు బొమ్మలుగా ఉంటాయి. డోలీలు వాటికి పాట కడతారు. వంశక్రమం, వలస, దేవర, యుద్ధం అన్నీ ఆ పాటలో ఉంటాయి. బయ్యారం శాసనం మైలాంబ వంశానికి చేసిన పనినే పడిగె కోయ గోత్రాలకు చేస్తుంది. ఒకటి రాయి, మరొకటి గుడ్డ. ఆ సంప్రదాయంలోని గాయకుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రాజ్యం కళాకారుణ్ణి గుర్తించింది. కాని అతడు పాడిన దాన్ని చరిత్ర చెప్పే పాఠంగా గుర్తించవలసిన బాధ్యత విశ్వవిద్యాలయాలది. ఆ బాధ్యతను పురస్కారం తీర్చలేదు.

ఇప్పుడు చిత్రంలోని కాఫిరిస్తాన్‌ను మళ్లీ తలచుకోవాలి. అక్కడి ప్రజలకు ఒక పడిగె ఉండి ఉంటే, ఒక డోలి ఉండి ఉంటే, డ్రావెట్ కథ ఏ మాటలతో మొదలయ్యేది? 'ఇద్దరు సాహసికులు కొండలు దాటారు' అని మాత్రం కాదు. 'కరువు కాలంలో తుపాకులు పట్టుకొని ఎవరో వచ్చారు' అని మొదలయ్యేదేమో. మేడారం అట్లాంటి కథనం. సేన ఎక్కడి నుంచి బయలుదేరిందో అక్కడ మొదలు కాకుండా, ఎక్కడికి వచ్చిందో అక్కడ మొదలవుతుంది. ప్రపంచ సాహస సాహిత్యంలో అరుదైన ఆ దృష్టికోణం తెలుగు నేల మీద సజీవంగా ఉండగా, దాన్ని 'జాతర ఐతిహ్యం' అన్న ఆరు అక్షరాల గడిలో బంధించడం పరిశోధనకు గౌరవం కాదు.

ఆక్షేపాలు, సమాధానాలు

మొదటి ఆక్షేపం: పాటలు కాలక్రమాన్ని కలగలుపుతాయి, గాయకుణ్ణి బట్టి మారుతాయి, కాబట్టి అవి ఆధారాలు కావు. పాటలు మారుతాయన్నది నిజమే. తాళపత్ర ప్రతులూ మారుతాయి. ప్రతుల మధ్య భేదాలు కనిపించినప్పుడు పరిష్కర్త కావ్యాన్ని వదిలేయడు, పాఠాంతరాలను సేకరించి పీఠికలో చర్చిస్తాడు. అదే ఓపిక పాటకు ఎందుకు దక్కదన్నదే ప్రశ్న. పాఠాంతరం కావ్యంలో విద్వత్తుకు అవకాశం, పాటలో అవిశ్వసనీయతకు రుజువు ఎట్లా అవుతుంది?

రెండో ఆక్షేపం ఇంతకంటె బరువైనది. పాపన్నను దొంగ అనవద్దంటే బహుజన రాజు అని కీర్తించడమేనా? ఆగస్టు 18న అధికారికంగా జయంతి జరుగుతున్న ఈ రోజుల్లో ఆ కీర్తన వినిపిస్తూనే ఉంది. శతాబ్దాల అవమానానికి అది సహజమైన ప్రతిస్పందన. కాని పరిశోధన అక్కడ ఆగిపోకూడదు. 1708లో ఓరుగల్లు కొల్లబోయినప్పుడు ఆ ఊరి స్త్రీలను, పిల్లలను చెరపట్టి తీసుకుపోయారని పారశీక చరిత్ర చెబుతుంది. చెప్పినవాడు శత్రుపక్షపు రచయిత కాబట్టి ఆ మాటను మొత్తంగా కొట్టివేయడం, శాసనంలో లేదు కాబట్టి మేడారం యుద్ధాన్ని కొట్టివేయడానికి అద్దంలో ప్రతిబింబం వంటిది. సేన ఎక్కడికి వచ్చిందో అక్కడి నుంచి కథను చదవాలన్న నియమం ప్రతాపరుద్రునికి వర్తిస్తే పాపన్నకూ వర్తించాలి. ఆ రోజు ఓరుగల్లు వీధిలో ఉన్న స్త్రీకి వచ్చినవాడి కులం ఊరట కాదు.

ఖాఫీఖాన్ కథనంలోనే ఈ నియమానికి బలమైన సాక్ష్యం ఒకటి ఉంది. పాపన్న భార్య అన్న మొగలు ఫౌజుదారు, షాపురంలో బందీ. ఆమె అన్నకు పంపే భోజనంలో ఆకురాళ్లు దాచి పంపింది. వాటితో సంకెళ్లు కోసుకొన్న బందీలు పాపన్న లేని సమయంలో కోటను పట్టుకొన్నారు. తిరిగి వచ్చిన పాపన్న మీద అతని ఫిరంగులే పేలాయి. రాజ్యం కూలడం అక్కడ మొదలైంది. చిత్రంలో పెళ్లికూతురి పంటిగాటు డ్రావెట్ దైవత్వాన్ని కూల్చినట్టే, ఇక్కడ భోజనంలో దాగిన ఆకురాయి పాపన్న రాజ్యాన్ని కూల్చింది. ఆ ఇద్దరు స్త్రీల మాటా ఎవరూ నమోదు చేయలేదు. చరిత్రకారునికి ఆమె ఫౌజుదారు చెల్లెలు, వీరగాథకు నమ్మకద్రోహి కావచ్చు, సాహసగాథకు ఉపకథ. ఆమె తనకు తాను ఏమిటో చెప్పే పాఠం లేదు. పాపన్నకు న్యాయం చేయడమంటే అతణ్ణి కడిగి శిల్పంగా నిలపడం కాదు. అతనికి నిరాకరించిన చరిత్ర హోదాను అతనికి ఇచ్చి, ఆ హోదాతో పాటు వచ్చే ప్రశ్నలను కూడా అతణ్ణి అడగడం. ప్రశ్నలకు అతీతుణ్ణి చేయడం చరిత్ర నుంచి మళ్లీ బయటికి పంపడమే.

మూడో ఆక్షేపం: తెలుగు శాఖ పని సాహిత్యం, చరిత్ర నిర్ణయం కాదు. ఈ మాట వినయంగా వినిపిస్తుంది, కాని వర్గీకరణే నిర్ణయమన్న సంగతిని దాచిపెడుతుంది. గూడూరు శాసనాన్ని 'శాసన సాహిత్యం'లోనూ, పాపన్న గాథను 'జానపద సాహిత్యం'లోనూ, మేడారం కథను 'ఐతిహ్యం'లోనూ పెట్టిన రోజునే చరిత్ర నిర్ణయం జరిగిపోయింది. ఆ పని చేసినవారు సాహిత్య పరిశోధకులే.

ముగింపు

ఈ విమర్శ ఫలితం ఆచరణలో కనిపించాలంటే మూడు పనులు జరగాలి. మొదటిది, పాపన్న గాథకు పరిష్కృత ప్రతి. బాయిల్ ఇచ్చిన పాఠాన్ని, జనగామ ప్రాంతంలో ఇంకా పాడుతున్న పాఠాలను సేకరించి, కావ్య పరిష్కరణకు పాటించే నియమాలతోనే పాఠాంతరాలు చూపి, ప్రతి పాఠానికీ పాడినవారి పేరు, ఊరు, కాలం నమోదు చేయాలి. రెండోది, పూనుగొండ్ల, మేడారం ప్రాంతపు కోయ గాథలను కోయ భాషలోనే తెలుగు లిపిలో ముద్రించి, తెలుగు అనువాదాన్ని ఎదురు పుటలో ఇవ్వాలి. అనువాదాన్నే మూలంగా చూపే అలవాటు పోవాలి. పాడేవారు, పూజారులు సమాచారదాతలుగా కృతజ్ఞతల పుటలో మిగలకుండా, పాఠకర్తలుగా ముఖపత్రం మీదికి రావాలి. మూడోది, స్నాతకోత్తర పాఠ్యప్రణాళికలో ఒకే ప్రకరణం కింద గూడూరు శాసనం, పాపన్న గాథ, మేడారం గాథ కలిసి ఉండాలి. ప్రకరణం పేరు 'జానపదం' కాకూడదు, 'శాసనం' కాకూడదు. అధికారం ఎట్లా కథగా మారుతుందన్నది దాని విషయం కావాలి. హ్యూస్టన్ చిత్రాన్ని ఆ తరగతిలో చూపినా మేలే. అప్పుడు విద్యార్థి దాన్ని కాఫిరిస్తాన్ వైపు నుంచి చూస్తాడు.

ఈ పనులకు వ్యవధి తక్కువ. పాడేవారు వృద్ధులవుతున్నారు. రామచంద్రయ్య 2024లో కన్నుమూశారు. శాసనం మరో వెయ్యేళ్లు నిలవగలదు, ఖాఫీఖాన్ గ్రంథం ముద్రణలో ఉంది, చిత్రాన్ని ఎవరు ఎప్పుడైనా చూడగలరు. పాటకు మాత్రం పాడే మనిషి ఉండాలి. గెలిచినవారి పత్రాలన్నీ భద్రంగా ఉండి, సేన తమ మీదికి వచ్చినప్పుడు చూసినవారి మాట ఒక్కటే జారిపోతుంటే, దాన్ని కాలధర్మమని సరిపెట్టుకొనే పరిశోధన కూడా యజమాని కళ్లెదుటే జరుగుతున్న అపహరణలో భాగస్వామి అవుతుంది. ధర్మశాస్త్రం దానికి పెట్టిన పేరు సాహసమే.